చదివాక నాటుకునే పేజీ: సీడ్ పేపర్‌తో చిన్న పుస్తకం ఎలా చేయాలి

సీడ్ పేపర్ అంటే లోపల విత్తనాలు పెట్టి చేసే కాగితం, తడిపి మట్టిలో పెడితే మొలుస్తుంది. నేను మొదటిసారి చేసింది మాత్రం మట్టి ముఖం చూడకుండానే మొలిచింది. ముసురు పట్టిన రోజుల్లో కాగితపు గుజ్జు పోసి, మందంగా ఇరవై షీట్లు తీసి, గుడ్డల మీద పరిచి గదిలో ఆరబెట్టాను. మూడో రోజుకి కూడా కాగితం తడిగానే ఉంది. గుడ్డ ఎత్తి చూస్తే కింద తెల్లటి వేళ్లు దారప్పోగుల్లా వేలాడుతున్నాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంది గానీ ఆ షీట్లు ఎందుకూ పనికిరాలేదు.

కాగితం చేయడం ఎవరికైనా రెండు మూడు ప్రయత్నాల్లో వచ్చేస్తుంది. విత్తనం ఎప్పుడు తడిసింది, ఎంతసేపు తడిగా ఉంది, ఎప్పుడు ఆరింది అన్నదే అసలు పని. కింద చెప్పే పద్ధతంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఏం అచ్చు వేస్తున్నారో తేల్చుకోండి

జనం దాచుకోవాలనుకునే పుస్తకాన్ని మొత్తం సీడ్ పేపర్ మీద వేయకండి. ఎవరూ నాటరు, అల్మారాలో పెడతారు, రెండేళ్లకి లోపలి విత్తనాలు చచ్చిపోతాయి. ఆయుష్షు తక్కువున్న వాటికే ఈ కాగితం నప్పుతుంది: కార్యక్రమ వివరాల పత్రం, ఆహ్వానం, కరపత్రం, క్యాలెండర్. 2016లో జపాన్ దినపత్రిక మైనిచి నాటుకునే సంచిక ఒకటి తెచ్చింది. దినపత్రికకి మర్నాటికే పని అయిపోతుంది కాబట్టి ఆ ఆలోచన అతికినట్టు సరిపోయింది.

పుస్తకమే కావాలనుకుంటే మధ్యేమార్గం ఉంది. లోపలి పేజీలన్నీ మామూలు రీసైకిల్డ్ కాగితం మీద వేసి, చివర ఒక్క ఆకు మాత్రం సీడ్ పేపర్ పెట్టండి. చదివినవాళ్లు ఆ ఆకు చింపి నాటుకుంటారు, పుస్తకం వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇక్కడ అలాంటి పుస్తకమే చేద్దాం: ఏ5 సైజు (ఏ4లో సగం), 16 పేజీలు, చివర ఒక సీడ్ పేపర్ ఆకు.

విత్తనాలు ఎంచుకోవడం

గుజ్జు కలపడానికి వారం, పది రోజుల ముందే ఈ పని మొదలుపెట్టండి, ఎందుకంటే మొలక పరీక్షకి అన్ని రోజులు పడుతుంది.

విత్తనం చిన్నదిగా, వీలైతే 2 మిల్లీమీటర్లకి మించకుండా ఉండాలి. తోటకూర, ఆవాలు మొదటిసారికి చాలా మంచివి. టమాటా, వంకాయ విత్తనాలు కొంచెం పెద్దవైనా బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి కాగితంలో ఒదుగుతాయి. బంతి విత్తనం పుల్లలా పొడుగ్గా ఉంటుంది, కాగితం మీద గరుకు తేలుతుంది గానీ మొలవడంలో నమ్మకస్తురాలు. ధనియాలు, చిక్కుడు, గుమ్మడి జోలికి వెళ్లకండి. అంత పెద్ద గింజ కాగితంలో నిలవదు, మడత దగ్గర ఊడి రాలిపోతుంది.

సబ్జా, చియా విత్తనాలు సన్నగా ఉన్నాయి కదా అని చాలామంది వాటినే తీసుకుంటారు. నీళ్లు తగిలిన నిమిషాల్లోనే అవి జిగురు తొడుగు కట్టుకుని ఉబ్బుతాయి. గుజ్జులో వేస్తే చేతికి, జాలీకి, గుడ్డకి అంతటా అంటుకుంటాయి. చేయకూడదని కాదు, నేర్చుకునే రోజుల్లో వద్దు.

దుకాణంలో కొన్న విత్తనాలకి గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగు పూత ఉంటే పక్కన పెట్టేయండి. అది సాధారణంగా శిలీంధ్రాలు పట్టకుండా వేసే మందు. మీ కాగితాన్ని పిల్లలూ పట్టుకుంటారు.

ఆ ప్రాంతంలో ముందునుంచీ పెరుగుతున్న మొక్కే కావాలన్నది ఇంకో నియమం. 2015లో అర్జెంటీనాకి చెందిన ఒక ప్రచురణ సంస్థ పిల్లల పుస్తకాన్ని జకరండా విత్తనాలున్న కాగితంతో తెచ్చింది. జకరండా అక్కడి చెట్టే కాబట్టి ఇబ్బంది లేదు. అదే చెట్టు దక్షిణాఫ్రికాలో మాత్రం స్థానిక మొక్కల చోటు ఆక్రమించేవాటి జాబితాలో ఉంది. మీ పుస్తకం ఎంత దూరం వెళ్తుందో మీ చేతిలో ఉండదు. అందుకే అడవిపూల మిశ్రమం అని లేబుల్ మీద పేరు తప్ప మరేమీ లేని ప్యాకెట్లు కొనకండి. పుస్తకం దేశం దాటే అవకాశం ఉంటే సీడ్ పేపర్ ఆకు తీసేసి పంపడమే మంచిది, చాలా దేశాలు ధ్రువపత్రం లేని విత్తనాల్ని లోపలికి రానివ్వవు. 2020లో అమెరికాలో ఎంతోమందికి అడక్కుండానే విత్తనాల పొట్లాలు పోస్టులో వచ్చినప్పుడు, వాటిని నాటొద్దని అక్కడి వ్యవసాయ శాఖ చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు మొలక పరీక్ష. తడి గుడ్డలో 20 విత్తనాలు పరిచి, మడిచి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఆవాలు రెండు మూడు రోజుల్లో, తోటకూర నాలుగైదు రోజుల్లో, బంతి వారంలోపు, టమాటా పది రోజుల్లోపు మొలకెత్తాలి. ఇరవైకి 16 వస్తే 80 శాతం, హాయిగా వాడుకోవచ్చు. పది కూడా రాకపోతే ఆ ప్యాకెట్ వదిలేయండి. కాగితంలోకి వెళ్లాక ఆ శాతం తగ్గుతుందే తప్ప పెరగదు.

కాగితం పోగేయడం, గుజ్జు చేయడం

రెండు వైపులా వాడేసిన ఆఫీసు కాగితం అన్నిటికన్నా మంచి ముడిసరుకు. రీసైకిల్ చేసిన ప్రతిసారీ కాగితంలో పోగులు పొట్టివవుతాయి. మామూలుగా ఐదు నుంచి ఏడుసార్ల తర్వాత అవి కొత్త కాగితంగా నిలవలేవు. న్యూస్‌పేపర్ పోగులు ముందే బలహీనం, అందుకే మొత్తంలో మూడో వంతుకి మించి వేయకండి. నిగనిగలాడే పత్రికల కాగితానికి సుద్దలాంటి పూత ఉంటుంది, ఆహ్వానాల అట్టలకి ప్లాస్టిక్ పొర ఉంటుంది, బిల్లు మెషీన్ రశీదులకి రసాయనాలు పూస్తారు. ఇవి మూడూ వద్దు. అనుమానం వస్తే ఒక నీటి చుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే పనికొస్తుంది, ముత్యంలా నిలబడితే పనికిరాదు.

లెక్క ఇలా వేసుకోండి. 80 జీఎస్ఎం (అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు) ఏ4 షీటు దాదాపు 5 గ్రాములుంటుంది. మనకి కావాల్సిన ఏ5 ఆకు సుమారు 200 జీఎస్ఎం మందంతో రావాలంటే 6 గ్రాముల పైచిలుకు కాగితం కావాలి. అంటే 15 పాత షీట్లకి 12 ఆకులు. చేయి తిరిగేదాకా రెండు మూడు పాడవుతాయి కాబట్టి పది వస్తాయనుకోండి.

పిన్నులు, టేపు తీసేసి, కాగితాన్ని వేలి గోరంత ముక్కలుగా చింపి రాత్రంతా నానబెట్టండి. కత్తెరతో కాకుండా చేత్తో చింపితే పోగులు ఎక్కువ తెగవు. పొద్దున్నే గుప్పెడు ముక్కలకి ముప్పావు జారు నీళ్లు పోసి, పాత మిక్సీలో ఆపి ఆపి 30 నుంచి 40 సెకన్లు తిప్పండి. చెంచాడు గుజ్జు గాజు గ్లాసు నీళ్లలో కలిపి వెలుతురుకి పట్టి చూడండి, అక్షరాల ముక్కలు కనిపించకపోతే చాలు. అంతకన్నా మెత్తగా రుబ్బితే కాగితం పెళుసుగా వస్తుంది.

జిగురు కలపాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. నీళ్లు పోయేకొద్దీ సెల్యులోజు పోగులు దగ్గరికొచ్చి వాటంతట అవే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కాగితం నిలబడేదే ఆ పట్టు మీద. తెల్లగా రావాలని బ్లీచింగ్ మాత్రం చేయకండి, అందులో విత్తనాలు బతకవు. రంగు కావాలంటే పసుపు కలపొచ్చు గానీ ఎండ తగిలితే వెలిసిపోతుంది. నాకైతే ఆ లేత బూడిద రంగే నచ్చుతుంది.

మిక్సీ పట్టిన గుజ్జంతా ఒక బకెట్లో పోసి, నీళ్లతో మొత్తం 12 లీటర్లు చేయండి. ఇప్పుడు అర లీటరు మగ్గుకి 3 గ్రాముల చొప్పున పోగులుంటాయి. విత్తనాలు ఇందులో వేయకండి.

షీటు తీయడం

చెక్కతో లోపలి కొలత 21 × 14.8 సెంటీమీటర్లు ఉండేలా రెండు చట్రాలు చేయించుకోండి. కిందిదానికి దోమల జాలీ బిగించాలి. పైది జాలీ లేకుండా 5 సెంటీమీటర్ల ఎత్తు గోడలా ఉండాలి. రెండూ ఒకదానిపై ఒకటి పెట్టి, జాలీ మీద రెండు సెంటీమీటర్ల నీళ్లు నిలిచేలా వెడల్పాటి తొట్టిలో ఉంచి పట్టుకోండి.

బకెట్ అడుగునుంచి కలిపి అర లీటరు గుజ్జు చట్రంలో పోయండి. కలపకుండా ముంచితే మొదటి ఆకు పలచగా, చివరి ఆకు అట్టలా వస్తుంది. వేళ్లతో నీళ్లలో నాలుగు వైపులకీ కదిపి, చట్రాన్ని ఎటూ వంచకుండా పైకెత్తి నీళ్లు కారనివ్వండి. పై చట్రం తీసి, కిందిదాన్ని తడి నూలు గుడ్డ మీద బోర్లించి, జాలీ వెనకనుంచి స్పాంజితో నీళ్లు పీల్చండి. ఒక అంచునుంచి మెల్లగా ఎత్తితే పలచటి పొర గుడ్డ మీద ఉండిపోతుంది.

విత్తనాలు వేసేది ఇప్పుడే, పొడిగా. ఆకు కింది సగంలో మాత్రమే చల్లండి, పై సగం అచ్చుకి వదిలేయండి. ఈ చిన్న ఏర్పాటు తర్వాత చాలా తలనొప్పులు తగ్గిస్తుంది. తోటకూర విత్తనాలు గ్రాముకి వెయ్యికి పైగానే ఉంటాయి. ఆకుకి ముప్పై, నలభై గింజలు, అంటే చిటికెలో చిన్న భాగం చాలు. గుప్పిళ్లతో చల్లితే అన్నీ ఒకేచోట మొలిచి ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

వెంటనే రెండో అర లీటరుతో ఇంకో పొర తీసి, మొదటిదాని మీద సరిగ్గా బోర్లించండి. విత్తనం రెండు పొరల మధ్య చిక్కుకుంటుంది, పైన నున్నగా ఉంటుంది, రాలదు. గుజ్జులోనే విత్తనాలు కలిపేసే పద్ధతి సులువే గానీ అందులో ఆఖరి షీటు తీసేసరికి గింజలు గంటసేపు నానుతాయి. పైగా ఏ ఆకులో ఎన్ని పడ్డాయో తెలీదు.

పైన ఇంకో గుడ్డ కప్పి, చదునైన పలకతో అరచేతుల బలం పెట్టి నొక్కండి. కాగితం పలచబడాలని ఎక్కి నిలబడినా, రోలరు తిప్పినా విత్తనాలు చితుకుతాయి.

ఆరబెట్టడం

నా మొదటి బ్యాచ్ పోయింది ఇక్కడే. నీళ్లు పీల్చుకున్న విత్తనం వేరు బయటికి రాకముందే మళ్లీ ఆరిపోతే చావదు. రైతులు విత్తనాల్ని కొంతసేపు నానబెట్టి నీడలో ఆరబెట్టి విత్తడం దీని మీద ఆధారపడే. వేరు ముక్కు బయటపెట్టిందా, ఇక ఎండితే ఆ మొలక బతకదు. కాబట్టి మీకున్న గడువు ఆ ముక్కు బయటికి వచ్చేలోపే. నేను 24 గంటలు అనుకుని పని చేస్తాను, ఆవాలైతే ఇంకా తొందర పడతాను.

గంటకోసారి పొడి గుడ్డలు మారుస్తూ మూడుసార్లు నీరు పీల్పించండి. తర్వాత చదునైన చెక్క మీద పరిచి, నీడలో ఫ్యాను కింద పెట్టండి. ఇస్త్రీ పెట్టె, ఓవెన్, మండుటెండ వద్దు. తడి విత్తనం 40 డిగ్రీలు దాటిన వేడికి తట్టుకోవడం కష్టం. అంచులు లేస్తుంటే అంచుల మీదే చిన్న బరువులు పెట్టండి. చెంపకి ఆనిస్తే చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. ముసురు రోజుల్లో ఈ పని పెట్టుకోకండి, టెన్షన్ తప్ప మిగిలేదేమీ ఉండదు.

ఆరాక ఒక ఆకుని బలి ఇవ్వాల్సిందే. దాన్ని చించి, తడిపి, మట్టిలో పెట్టి ఎన్ని మొలుస్తాయో లెక్కపెట్టండి. గుడ్డలో వచ్చిన శాతంలో సగమన్నా రాకపోతే తప్పు ఆరబెట్టడంలోనో నొక్కడంలోనో ఉంది. అచ్చు వేయకముందే ఇది తెలియాలి.

అచ్చు

లోపలి 16 పేజీలకి మీ ఇష్టం, రీసైకిల్డ్ కాగితం మీద ఏ ప్రింటరైనా సరే. సీడ్ పేపర్ ఆకుకి మాత్రం లేజర్ ప్రింటర్ వాడకండి. అందులో టోనర్ పొడిని కరిగించి అతికించే రోలర్లు 200 డిగ్రీలకి దగ్గరగా వేడెక్కుతాయి, గట్టిగా నొక్కుతాయి కూడా. విత్తనం చితుకుతుంది, గింజ గరుకుకి ప్రింటరూ దెబ్బతింటుంది. ఆఫ్‌సెట్‌లో ఇంకు బంకగా ఉండటంతో కాగితం పోగుల్నే పీకేస్తుంది. ఇంక్‌జెట్ పర్వాలేదు గానీ వెనక ట్రేలోంచి కాగితం తిన్నగా వెళ్లే మోడల్ అయితేనే.

యాభై కాపీలకి రబ్బరు స్టాంపు, అంతకన్నా ఎక్కువైతే నీళ్లతో కడుక్కోగలిగే ఇంకుతో స్క్రీన్ ప్రింటింగ్ నా సలహా. విత్తనాలు లేని పై సగంలోనే అచ్చు పడుతుంది కాబట్టి ఎంత నొక్కినా బెంగ లేదు. చేత్తో చేసిన కాగితం ఇంకుని పీల్చి అలుక్కుపోయేలా చేస్తుంది. తెలుగులో ఇది మరీ ఇబ్బంది, గుడి, గుడిదీర్ఘం ఒకటే అయిపోతాయి, వత్తులు పూడుకుపోతాయి. అక్షరం 16 పాయింట్లకి తగ్గకుండా, గీత మరీ సన్నం కాకుండా చూసుకోండి. పై సగానికి పలచటి గంజి ఒక్క పూత కుంచెతో రాసి ఆరనిస్తే అచ్చు పదునుగా వస్తుంది. కింది సగానికి రాయకండి, అక్కడ నీళ్లు త్వరగా ఇంకాలి.

సోయా ఇంకు అని రాసి ఉంటే అంతా మట్టిలో కలిసిపోతుందనుకోకండి. సోయాది అందులోని నూనె మాత్రమే, రంగునిచ్చే పిగ్మెంటు వేరు. అసలు నాటే ఆకు మీద ఇంకు ఎంత తక్కువుంటే అంత మంచిది. ఒక బొమ్మ, మొక్క పేరు చాలు.

నాటే పద్ధతిని ఆ ఆకు మీదే అచ్చేసే పొరపాటు చాలామంది చేస్తారు, నేనూ చేశాను. చదివేవాళ్లు దాన్ని తడిపి పాతిపెట్టాక, తర్వాత ఏం చేయాలో మట్టిలో ఉంటుంది! సూచనలు 16వ పేజీలో పెట్టండి.

కుట్టు

నాలుగు ఏ4 షీట్లు మధ్యకి మడిస్తే 16 పేజీలు. ప్రింటర్ సెట్టింగుల్లో బుక్‌లెట్ అని ఎంచుకుంటే పేజీల వరస అదే చూసుకుంటుంది. చేత్తో అమర్చుకుంటే ఒక గుర్తు: షీటుకి ఒకే వైపు పక్కపక్కన పడే రెండు పేజీల అంకెలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. 16, 1 ఒకవైపు, 2, 15 దాని వెనక, అలా. వీటి మీద కొంచెం మందపాటి రీసైకిల్డ్ అట్ట కవరుగా తొడగండి.

పిన్నుల బదులు నూలు దారం వాడండి. మడత మీద మూడు రంధ్రాలు చేసి, లోపలినుంచి మధ్య రంధ్రంలోకి సూది దూర్చి బయటికి తీయండి. పై రంధ్రంలోంచి లోపలికి, అక్కణ్నుంచి మధ్యది వదిలేసి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లీ మధ్య రంధ్రంలోంచి లోపలికి తెచ్చి, రెండు కొసల్నీ మధ్యలో ఉన్న పొడవాటి దారానికి అటూ ఇటూ ఉంచి ముడి వేయండి.

సీడ్ పేపర్ ఆకుని కుట్టులో కలపకండి. ఒక అంచుకి వేలి వెడల్పున పిండి జిగురు పలచగా రాసి, వెనక అట్ట లోపలి వైపు అతికించండి. ఆ అతుకు పక్కనే సూదితో చుక్కల వరస గుచ్చితే తేలిగ్గా చిరుగుతుంది. వేడి జిగురు, లామినేషన్ వద్దు.

16వ పేజీలో రాయాల్సింది

ఇది పొట్టిగా ఉండాలి. నేను రాసేది ఇంచుమించు ఇలా ఉంటుంది:

"ఆకు చింపి, అచ్చు ఉన్న పై సగాన్ని కత్తిరించి పాత కాగితాల్లో వేయండి. కింది సగాన్ని పది నిమిషాలు నీళ్లలో ఉంచి, అగ్గిపెట్టె అంత ముక్కలు చేసి, మెత్తటి మట్టి మీద పరచండి. పైన అర సెంటీమీటరుకి మించకుండా మట్టి చల్లండి. మొలకలు కనిపించేదాకా పది రోజులపాటు ఒక్క పూట కూడా ఎండనివ్వకండి."

చివరి వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో వేయండి. సీడ్ పేపర్ మొలవలేదని చెప్పేవాళ్లని కదిపి చూస్తే చాలాసార్లు తేలేది ఒకటే: రెండు రోజులు నీళ్లు మరిచిపోయారు, కాగితం అట్టలా గట్టిపడింది, మొలక దాన్ని చీల్చుకు రాలేకపోయింది. కుండీలో లోతుగా పాతిపెట్టడం రెండో కారణం.

ఎప్పటిలోపు నాటాలి

కవరు వెనక తయారైన నెల, సంవత్సరం తప్పకుండా వేయండి. తేమ, వేడి ఎంత తక్కువుంటే విత్తనం అంత కాలం బతుకుతుంది. కాగితం గాలిలోని తేమని పీలుస్తుంది కాబట్టి పొట్లంలో ఉన్నంత కాలం ఇందులో ఉండదు. ఆరు నెలల్లో నాటమని రాయడం నా పద్ధతి.

క్యాలెండర్ చేసేవాళ్లు ఇక్కడ కొంచెం ఆలోచించాలి. డిసెంబరు ఆకు నాటే వేళకి అది తయారై ఏడాది దాటిపోతుంది. ఉల్లి విత్తనం ఏడాదికే నీరసపడుతుంది, మిరప రెండేళ్లు ఓర్చుకుంటుంది, టమాటా, వంకాయ సరిగా దాచితే నాలుగేళ్లు ఉంటాయి. కాబట్టి ఉల్లిని జనవరి ఆకులో, మిరపని మధ్య నెలల్లో, టమాటా, వంకాయల్ని చివరి నెలల్లో పెట్టండి.

పంచగా మిగిలిన కాపీల్ని గాలి చొరబడని డబ్బాలో, ఆరబెట్టే సిలికా పొట్లం వేసి చల్లటి చోట ఉంచండి. డబ్బా మీద విత్తనం పేరు, తేదీ పెన్సిల్‌తో రాయండి. మూడు నెలలకోసారి ఒక కాపీలోంచి ఆకు చింపి నాటి చూసి, మొలక సగానికి పడిపోయిందంటే మిగతా ఆకులన్నీ చింపేసి మళ్లీ గుజ్జులో వేసుకోండి.